మానసిక అనారోగ్యం నుంచి కోలుకుంటున్నవారికి మర్దన: ఇంట్లోనూ బయటా ఎలా చేయించాలి

డిప్రెషన్‌కో, తీవ్రమైన ఆందోళనకో మందులు మొదలుపెట్టి, నిద్ర కొంత కుదుటపడి, మనిషి మళ్లీ నలుగురితో మాట్లాడుతున్న దశలో కూడా ఒళ్లు మాత్రం ఇంకా వెనకే ఉండిపోతుంది. భుజాలు చెవుల దాకా ఎత్తి పట్టుకున్నట్టు బిగుసుకుని ఉంటాయి, నిద్రలో దవడలు బిగపట్టడం వల్ల పొద్దున లేవగానే కణతలు నొప్పిపెడతాయి, అరికాళ్లు ఎండాకాలంలో కూడా చల్లగా తగులుతాయి. మా అన్న డిప్రెషన్ నుంచి కోలుకుంటున్న రోజుల్లో నేను ఇదంతా దగ్గరుండి చూశాను, మర్దన ఎలా చేయాలో, అంతకంటే ముఖ్యంగా ఎలా చేయకూడదో, అప్పుడే నేర్చుకున్నాను. హైదరాబాద్‌లో ఇంట్లో ఒకరిని కనిపెట్టుకుని ఉన్నవారి కోసం, తామే కోలుకుంటూ తమకు తాము సాయం చేసుకోవాలనుకునేవారి కోసం ఆ పద్ధతిని వరసగా రాస్తున్నాను.

మొదట మర్దన నుంచి ఏమి ఆశించవచ్చో స్పష్టంగా తెలుసుకోండి. 2004లో అమెరికా పరిశోధకులు మర్దన మీద జరిగిన 37 అధ్యయనాలను కలిపి పరిశీలించినప్పుడు, కొన్ని వారాలపాటు వరసగా మర్దన చేయించుకున్నవారిలో ఆందోళన, దిగులు చెప్పుకోదగినంతగా తగ్గినట్టు కనిపించింది. 2016లో ఎమరీ విశ్వవిద్యాలయం వారు దీర్ఘకాలిక ఆందోళన ఉన్నవారికి వారానికి రెండుసార్ల చొప్పున ఆరు వారాలు మర్దన చేయించి, ఒంటి మీద ఊరికే చేతులు ఆనింపజేసుకున్నవారితో పోల్చితే వీరికి ఎక్కువ ఉపశమనం కలిగిందని ప్రకటించారు. అయితే 2010లో 68 మందితో చేసిన మరో అధ్యయనంలో, మర్దన చేయించుకున్నవారూ, వెచ్చని కాపడం పెట్టించుకున్నవారూ, ప్రశాంతమైన గదిలో ఊరికే విశ్రాంతిగా పడుకున్నవారూ దాదాపు సమానంగానే మెరుగుపడ్డారు. ఈ మూడో ఫలితాన్ని నేను మర్దనకు వ్యతిరేకంగా చూడను. రోజులో కొంతసేపు ఎవరూ ఏమీ అడగని చోట, సురక్షితంగా, వెచ్చగా ఉండగలగడమే అందులో సగం మందు అని నాకు అనిపిస్తుంది, అందుకే కింద చెప్పే పద్ధతిలో గదికీ నిశ్శబ్దానికీ అంత ప్రాధాన్యం ఇచ్చాను. ఒత్తిడి హార్మోను కార్టిసాల్ మర్దనతో బాగా పడిపోతుందని ప్రకటనల్లో రాస్తుంటారు, కానీ అధ్యయనాలన్నిటినీ కలిపి 2011లో లెక్క చూసినప్పుడు ఆ తగ్గుదల చాలా స్వల్పమని తేలింది. కాబట్టి మర్దన మందులకూ కౌన్సెలింగ్‌కూ తోడు మాత్రమే. మర్దన బాగా పనిచేస్తోంది కదా అని ఒక్క మాత్ర కూడా సొంతంగా తగ్గించకండి.

మొదటి పని: వైద్యం చేస్తున్న డాక్టరుకు చెప్పడం

ఈ మెట్టును చాలామంది దాటవేస్తారు, నూనె రాసుకోవడానికి కూడా డాక్టరు అనుమతి కావాలా అనుకుంటారు. కానీ మానసిక వైద్యంలో వాడే మందులకూ మర్దనకూ, ముఖ్యంగా మర్దన తర్వాత పట్టించే ఆవిరికీ, నేరుగా సంబంధం ఉంది. లిథియం వాడేవారికి ఒంట్లో నీరూ ఉప్పూ తగ్గితే రక్తంలో ఆ మందు మోతాదు ప్రమాదకరంగా పెరుగుతుంది. ఆవిరి పెట్టెలో కూర్చోబెట్టి ధారగా చెమట పట్టించడం అంటే సరిగ్గా ఆ పరిస్థితిని కొనితెచ్చుకోవడమే. చేతుల వణుకు పెరగడం, వాంతులు, విరేచనాలు, మాట ముద్దగా రావడం, నడకలో తూలడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. భ్రమలు, భ్రాంతులు తగ్గడానికి ఇచ్చే మందుల్లో కొన్ని శరీరం తన వేడిని తాను సర్దుకునే శక్తిని తగ్గిస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో మన ఊరి ఎండకు ఆవిరి స్నానం కూడా తోడైతే వడదెబ్బ తగిలే అవకాశం ఉంటుంది. అందువల్ల ఈ మందులు వాడుతున్నంతకాలం మర్దన చేయించినా ఆవిరి మాత్రం డాక్టరు సరేనన్న తర్వాతే పట్టించాలి.

రోజూ మాత్రలు వేసుకోవడం కష్టమైనవారికి రెండు వారాలకో నెలకో ఒకసారి పిరుదుకో భుజానికో ఇంజెక్షన్ ఇస్తారు. ఆ మందు కండరంలో నిలిచి మెల్లమెల్లగా రక్తంలోకి దిగేలా తయారైనది కాబట్టి ఇంజెక్షన్ ఇచ్చిన చోట రుద్దకూడదు, కాపడం పెట్టకూడదు. ఏ వైపు ఇచ్చారో ఆ రోజే రాసిపెట్టుకోండి. కొన్ని మందులతో పడుకున్న మనిషి చటుక్కున లేస్తే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. మరికొన్నిటితో కాళ్లు ఒక్కచోట నిలవనీయని విపరీతమైన అస్థిమితం కలుగుతుంది. అలాంటి మనిషిని అరగంట కదలకుండా పడుకోమనడం హింస. అది మందు ప్రభావం కావచ్చునని డాక్టరుకు చెప్పి మోతాదు సరిచేయించుకున్న తర్వాతే మర్దన సంగతి చూడాలి. దిగులు తగ్గడానికి వాడే కొన్ని మందులతో పాటు ఆస్పిరిన్ లాంటివి కూడా వేసుకునేవారికి గట్టిగా నొక్కితే చర్మం కింద నల్లగా కమిలిపోతుంది.

శరీరానికి సంబంధించిన జాగ్రత్తలు అందరికీ తెలిసినవే: జ్వరం, పుండ్లు, చర్మవ్యాధి, కొత్తగా విరిగిన ఎముక ఉన్నప్పుడు మర్దన చేయకూడదు, గర్భిణులకు డాక్టరును అడగకుండా చేయకూడదు. ఒక్కటి మాత్రం ప్రత్యేకంగా చెప్పాలి. దిగులుతో వారాల తరబడి మంచం దిగని మనిషికి ఒక పిక్క మాత్రమే వాచి, వెచ్చగా, నొప్పిగా ఉంటే అది లోపలి సిరలో రక్తం గడ్డకట్టడం కావచ్చు. ఆ కాలిని రుద్దితే గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉంది కనుక చేయి కూడా వేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అలాగే మనిషి ఉద్రేకం పట్టలేని స్థితిలో ఉన్నప్పుడు, తనకు ఎవరో కీడు చేస్తున్నారని అనుమానిస్తున్నప్పుడు, లేని మాటలు వినిపిస్తున్నప్పుడు మర్దన జోలికి వెళ్లకండి. ఆ స్థితిలో మీ చేయి సాంత్వనగా కాక దాడిగా తోచవచ్చు.

రెండో పని: అడగడం, ప్రతిసారీ అడగడం

మన ఇళ్లలో ఒళ్లు తాకడానికి అడిగే అలవాటు లేదు. పండగ పూట పీట మీద కూర్చోబెట్టి, ఏడుస్తున్నా వినకుండా మాడు మీద గుప్పెడు నూనె పెట్టి తలంటిన చేతులే కదా మనల్ని పెంచినవి. ఆ ప్రేమను నేను తక్కువ చేయడం లేదు. కానీ మానసిక అనారోగ్యంలో మనిషి చేతిలోంచి చాలా నిర్ణయాలు జారిపోయి ఉంటాయి. ఏ మాత్ర వేసుకోవాలో, ఎప్పుడు పడుకోవాలో, ఎవరితో బయటికి వెళ్లాలో అన్నీ ఇతరులే చెబుతుంటారు. ఆ మనిషికి తన ఒంటి మీదైనా తన మాట చెల్లుతుందని తెలియాలి. పైగా చిన్నతనంలోనో పెళ్లయ్యాకో హింసకు, లైంగిక వేధింపుకు గురైనవారికి వీపు మీద చేయి పడటం, తలుపు వేసిన గదిలో బోర్లా పడుకోవడం భయంకరమైన జ్ఞాపకాలను లేపవచ్చు. అలాంటిది జరిగిందని వారు మీకు ఎప్పుడూ చెప్పి ఉండకపోవచ్చు.

అందువల్ల మూడు విషయాలు అడగాలి: ఈరోజు చేయనా, ఎక్కడ చేయాలి, ఎక్కడ చేయకూడదు. దిగులు లోతుగా ఉన్నవారికి మాట్లాడటం కూడా బరువైన పనే కాబట్టి, ప్రశ్నను ‘వద్దు’ అనడం తేలికయ్యేలా అడగండి. నేను మా అన్నను, "అన్నా, కాళ్లకు నూనె రాయనా? ఇయ్యాల వద్దంటే రేపు చూద్దాం" అని అడిగేదాన్ని. మొదటి రెండు వారాలూ ఆయన గోడ వైపు తిరిగి "నీ ఇష్టం" అనేవాడు, నేను దాన్ని సరేనన్నట్టుగా తీసుకుని మొదలుపెట్టేదాన్ని. అది తప్పని తర్వాత అర్థమైంది, ఎందుకంటే పాదం పట్టుకున్నప్పుడల్లా కాలి వేళ్లు లోపలికి ముడుచుకునేవి. ఆ తర్వాత "నీ ఇష్టం" అంటే మానేసి పక్కన కూర్చునేదాన్ని. అలా కొన్నాళ్లు గడిచాక ఒక సాయంత్రం ఆయన నా వైపు తిరిగి, "ఇయ్యాల వద్దు చెల్లె, రేపు రాయి" అన్నాడు. ఎన్నో నెలల తర్వాత ఆయన తనకు ఏం కావాలో, ఎప్పుడు కావాలో చెప్పిన మొదటి మాట అది. ఆ రోజు నూనె గిన్నె అలాగే లోపల పెట్టేశాను, మరునాడు పాదం పట్టుకున్నప్పుడు వేళ్లు ముడుచుకోలేదు.

మాట్లాడకుండానే ఆపించడానికి ఒక గుర్తు కూడా ముందే అనుకోండి. చూపుడు వేలు ఎత్తితే నెమ్మదిగా చేయాలని, అరచేయి ఎత్తితే ఆపేయాలని అనుకుంటే చాలు. అరచేయి ఎత్తిన క్షణంలోనే ఆపండి. ‘ఇంకొక్క నిమిషం, అయిపోయింది’ అన్నారంటే ఆ గుర్తుకు ఇక విలువ ఉండదు.

మూడో పని: నూనె, గది

నూనె విషయంలో అంతగా ఆలోచించనక్కరలేదు. చలికాలంలో నువ్వుల నూనె, ఎండాకాలంలో కొబ్బరి నూనె సరిపోతాయి. క్షీరబల, ధన్వంతరం లాంటి తైలాలు ఆయుర్వేద వైద్యులు చెబితేనే వాడండి. కొత్త నూనె ఏదైనా ముందురోజు మోచేతి మడతలో ఒక చుక్క రాసి, మర్నాటికి దద్దురు రాలేదని చూసుకోవాలి. నూనె వాసన వారికి నచ్చాలి, ఎందుకంటే ఆసుపత్రి రోజులనో, పోయిన మనిషినో గుర్తుచేసే వాసన ఎంత మంచి నూనెదైనా పనికిరాదు. రెండు కాళ్లకూ కలిపి నాలుగు చెంచాలు ఎక్కువే. నూనెను పొయ్యి మీద పెట్టకుండా, చిన్న స్టీలు గిన్నెలో పోసి, ఆ గిన్నెను వేడినీళ్లున్న పెద్ద గిన్నెలో ఉంచి వెచ్చబెట్టండి. ఒక చుక్క మీ మణికట్టు లోపలి వైపు వేసుకుంటే వేడిగా కాక గోరువెచ్చగా తగలాలి.

భోజనం చేసి కనీసం గంటన్నర, రెండు గంటలు గడిచి ఉండాలి. రాత్రి మాత్రలతో మత్తు వచ్చేవారికి ఆ మాత్రలకు ముందే, సాయంత్రం పూట చేయడం మేలు, ఎందుకంటే మత్తులో ఉన్న మనిషి ‘చాలు’ అని చెప్పలేడు, నూనె కాళ్లతో బాత్‌రూమ్‌కు వెళ్తే పడిపోయే ప్రమాదమూ ఉంది. అపార్టుమెంటులో పూర్తి నిశ్శబ్దం దొరకదు, అవసరం కూడా లేదు. పక్కింటి కుక్కర్ కూత, కింద బండి చప్పుడు ఉంటే ఉండనివ్వండి, టీవీ మాత్రం ఆపండి, మీ ఫోన్ వేరే గదిలో పెట్టండి. తలుపు దగ్గరగా వేయాలా, తెరిచి ఉంచాలా అని వారినే అడగండి. లైటు ఆర్పేయకండి, తగ్గించండి.

నాలుగో పని: చేయడం

మొదటి రెండు వారాలు పాదాలు, పిక్కలు మాత్రమే చేయండి. పాదం ముఖానికీ గుండెకూ దూరంగా ఉంటుంది, బట్టలు విప్పనక్కరలేదు, మనిషి కుర్చీలో కూర్చునే మీరేం చేస్తున్నారో చూడగలడు, వద్దనుకుంటే కాలు వెనక్కి తీసుకోగలడు. ఆయుర్వేదం కూడా రోజూ ఒళ్లంతా నూనె పట్టించడం కుదరకపోయినా తలకు, చెవులకు, అరికాళ్లకు ప్రత్యేకంగా పట్టించమంటుంది. చెవుల్లో నూనె పోయడం మాత్రం ఇప్పటి చెవి డాక్టర్లు వద్దంటారు, కనుక చెవి చుట్టూ రాయడంతో ఆపండి.

వారిని చేతులున్న కుర్చీలో కూర్చోబెట్టి, మీరు ఎదురుగా పీట మీద కూర్చుని, ఒడిలో పాత తువాలు పరుచుకుని, వారి పాదం దాని మీద పెట్టించుకోండి. ముందు నూనె రాయకండి. రెండు అరచేతులతో పాదాన్ని పైనా కిందా కప్పినట్టు పట్టుకుని, పది శ్వాసల పాటు కదలకుండా ఉండండి. ఆ కాస్త సమయంలో మీ చేతుల తొందర కూడా తగ్గుతుంది, పాదం మొదట బిగుసుకుని, తర్వాత మెల్లగా తన బరువును మీ చేతిలో వదలడం తెలుస్తుంది. ఆ బరువు వదలకపోతే ఆ రోజుకు అలా పట్టుకుని ఉండటమే చాలు.

బరువు వదిలిన తర్వాత నూనె మీ చేతుల్లో వేసుకుని రుద్దుకుని, మడమ నుంచి మొదలుపెట్టండి. మడమను అరచేతి గుంటలో ఇముడ్చుకుని గుండ్రంగా నొక్కండి. తర్వాత బొటనవేలిని మడమ దగ్గర ఉంచి, అరికాలి వంపు మీదుగా కాలి వేళ్ల మొదళ్ల దాకా ఒకే ఒత్తిడితో నెట్టుకుంటూ వెళ్లండి. పక్కకు కొద్దిగా జరిపి మళ్లీ అలాగే చేస్తే నాలుగైదు గీతల్లో అరికాలు మొత్తం వస్తుంది. అరికాలిలో, అరచేతిలో ఒత్తిడి కాస్త గట్టిగా, నిలకడగా ఉండాలి, తేలికగా రాస్తే చక్కిలిగింత పుట్టి మనిషి ఉలిక్కిపడతాడు. ప్రతి కాలి వేలిని మొదలు నుంచి చివరికి లాగినట్టు నిమరండి. వేళ్లు విరిచి మెటికలు తీయవద్దు.

పిక్క దగ్గరికి వచ్చాక వేగం పూర్తిగా మారాలి. వెంట్రుకలు ఉండే చర్మంలో, అంటే ముంజేయి, పిక్క, వీపు వంటి చోట్ల, నెమ్మదైన స్పర్శకే బాగా స్పందించే సన్నని నరాలు ఉన్నాయని స్వీడన్ పరిశోధకులు చాలాకాలంగా చెబుతున్నారు. అరచేతుల్లో, అరికాళ్లలో ఇవి చాలా తక్కువ. సెకనుకు ఒకటి నుంచి పది సెంటీమీటర్ల వేగంతో నిమిరినప్పుడు, అందులోనూ మూడు సెంటీమీటర్ల దగ్గర, ఇవి అన్నిటికంటే బాగా స్పందిస్తాయి, మనిషి కూడా ఆ వేగాన్నే హాయిగా ఉందంటాడు. లెక్క వేసి చూస్తే, చీలమండ నుంచి మోకాలి కింది దాకా ఉన్న 35, 40 సెంటీమీటర్ల దూరాన్ని చేయి దాటడానికి పన్నెండు సెకన్లు పట్టాలి. మనం మామూలుగా దాన్ని రెండు సెకన్లలో లాగేస్తాం. మొదటి రోజు మనసులో పన్నెండు అంకెలు లెక్కపెట్టుకుంటూ చేయండి, అది ఎంత నెమ్మదో చేస్తేగానీ తెలియదు. చేతిని కింది నుంచి పైకి, అరచేయంతా ఆన్చి జరపాలి, మోకాలి వెనక గుంటలో మాత్రం నొక్కకూడదు. ఒక్కో కాలికి ఎనిమిది, పది నిమిషాలు చాలు.

ఈ ఇరవై నిమిషాలు మాట్లాడకండి. మందులు వేసుకున్నావా, రేపు ఆఫీసుకు ఫోన్ చేస్తావా, ఫలానా పెళ్లికి వస్తావా అన్న ప్రశ్నలకు ఇది సమయం కాదు. కాలు మీ చేతిలో ఉంది కాబట్టి వారు లేచి వెళ్లలేరు, అప్పుడు అడిగే ప్రశ్న ఏదైనా విచారణలా ఉంటుంది. వారే మాట్లాడితే వినండి. మధ్యలో కన్నీళ్లు వస్తే కంగారుపడకుండా చేతులు కదపడం ఆపి, అలాగే పట్టుకుని ఉండమంటారా, తీసేయమంటారా అని మెల్లగా అడగండి. ఎందుకేడుస్తున్నావని అడగవద్దు. ఊపిరి వేగంగా ఆడుతుంటే, చూపు ఎక్కడో నిలిచిపోయి మీ మాటకు బదులు రాకపోతే, చేతులు తీసేసి, పేరు పెట్టి పిలిచి, పాదాలు రెండూ నేల మీద ఆనించి, గదిలో కనిపించే వస్తువుల పేర్లు చెప్పించండి. తర్వాతి సారి డాక్టరుకు ఈ విషయం చెప్పాలి.

పాదాలు అలవాటయ్యాక చేతులకు వెళ్లవచ్చు. అరచేతి మధ్యలో బొటనవేళ్లతో గుండ్రంగా నొక్కి, ముంజేతిని అదే నెమ్మదితో నిమరాలి. తలకు చేసేటప్పుడు వేళ్ల కొసలను మాడు మీద నిలిపి చర్మాన్ని కదపాలి, జుట్టును రుద్దకూడదు. కణతల మీద, దవడ కీలు దగ్గర చాలా తేలికగా చేయాలి. వీపు అడిగితేనే చేయండి, అది కూడా కుర్చీని వెనక్కి తిప్పి కూర్చోబెట్టి, చొక్కా మీదనే, వెన్నెముకను వదిలి రెండు పక్కలా. మెడను విరవవద్దు. మన కటింగ్ షాపుల్లో తల మాలిష్ చివర మెడను పక్కకు తిప్పి పటుక్కుమనిపించే అలవాటు ఉంది, అందులో మెదడుకు వెళ్లే రక్తనాళం చిరిగే ప్రమాదం ఉంది కాబట్టి కుర్చీలో కూర్చునే ముందే వద్దని చెప్పాలి.

అయిపోయిన తర్వాత చేతులను ఒక్కసారిగా తీసేయకుండా, మొదట్లో లాగే పాదాన్ని పట్టుకుని కాసేపు ఉండి వదలండి. కాలి మీద, ముఖ్యంగా అరికాలిలో, నూనెను తువాలుతో పూర్తిగా తుడవండి. గ్లాసు నీళ్లు ఇచ్చి, రెండు నిమిషాలు అలాగే కూర్చోబెట్టి, ఆ తర్వాతే లేవమనండి. స్నానం చేయిస్తే సున్నిపిండి వాడండి, టైల్స్ మీద నూనె జారుడు పోయేలా బాత్‌రూమ్ కడగడం మరచిపోకండి.

బయట చేయించాలనుకుంటే

హైదరాబాద్‌లో ప్రభుత్వ రంగంలోనే మూడు మార్గాలు ఉన్నాయి. ఎర్రగడ్డలో ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఆసుపత్రి ఉంది, అమీర్‌పేట పక్కన బల్కంపేటలో ప్రభుత్వ ప్రకృతి చికిత్సాలయం ఉంది, చార్మినార్ పక్కనే నిజామియా యునాని ఆసుపత్రి ఉంది. ఆయుర్వేదంలో అభ్యంగం, యునానిలో దల్క్, ప్రకృతి వైద్యంలో మర్దన, పేర్లు వేరైనా మూడింటిలోనూ ఇది చికిత్సలో భాగమే, పైగా మర్దన చేసేవారి పైన ఒక డాక్టరు ఉంటారు. ఓపీకి వెళ్లి, వాడుతున్న మందుల చీటీ చూపించి, ఏ రోజు ఏ చికిత్స ఉందో కనుక్కోండి. ఎర్రగడ్డ అనగానే మన ఊళ్లో ఎగతాళిగా నవ్వడం అలవాటైపోయింది. అక్కడి మానసిక ఆరోగ్య సంస్థలో వేలమందికి వైద్యం అందుతోంది, ఆ పేరును తిట్టుగా వాడే ప్రతిసారీ అక్కడికి వెళ్లాల్సిన మనిషి ఇంకొన్ని నెలలు ఇంట్లోనే ఆగిపోతాడు. మన ఇంట్లోనైనా ఆ మాట వినపడకుండా చూసుకుందాం.

ప్రైవేటు కేంద్రాలకు వెళ్లేటప్పుడు మొదటిసారి మర్దన కోసం కాకుండా చూసి రావడానికే వెళ్లండి. నేను అలా చేయక మా అన్నను ఇబ్బంది పెట్టాను. ఫోన్‌లో గంట సమయం తీసుకుని నేరుగా తీసుకెళ్లిపోయాను. చీకటి గదిలో బోర్లా పడుకోబెట్టి, అడగకుండానే వీపు మీద మోచేత్తో నొక్కడం మొదలుపెట్టారు. పది నిమిషాలకే ఆయన తువాలు చుట్టుకుని చెమటతో బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. తప్పు వాళ్లది ఎంతో నాదీ అంతే, ఎందుకంటే ఆయన గురించి నేను వాళ్లకు ఒక్క ముక్క కూడా చెప్పలేదు. మళ్లీ ఆయన నా చేతికి కాలు ఇవ్వడానికి నెల పట్టింది.

కాబట్టి ముందే అడగాల్సినవి అడగండి: మర్దన చేసేది ఎవరు, ఆడవారికి ఆడవారే, మగవారికి మగవారే చేస్తారా, తోడు వచ్చినవారు గదిలో కూర్చోవచ్చా, బట్టలు ఎంతవరకు తీయాలి, లైటు వేసి ఉంచవచ్చా, మధ్యలో ఆపేస్తే ఏమంటారు. చివరి ప్రశ్నకు వెంటనే తేలికగా బదులు చెప్పేవారి దగ్గరికి వెళ్లండి. జబ్బు పేరు అందరికీ చెప్పనక్కరలేదు, "మందులు వాడుతున్నారు, ఆవిరి వద్దు, ఇంజెక్షన్ ఇచ్చిన కుడి పక్క ముట్టుకోవద్దు, మెల్లగా చేయాలి" అంటే చాలు. ఈ కేంద్రాల్లో పనిచేసేవారిలో చాలామంది కేరళ నుంచో ఈశాన్య రాష్ట్రాల నుంచో వచ్చినవారు, ‘ఆపండి’ అన్న మాట వారికి తెలియకపోవచ్చు. ‘బస్’ అంటే ఊరంతటికీ తెలుసు, ఆ ఒక్క మాటను ఇద్దరి మధ్యా ముందే ఖాయం చేసుకోండి. తమ దగ్గరికి వస్తే మాత్రలు మానేయవచ్చని చెప్పేవారి దగ్గర నుంచి, ముందే పది విడతల డబ్బు కట్టమనేవారి దగ్గర నుంచి లేచి వచ్చేయండి.

ఐదో పని: రాసి పెట్టుకోవడం

వారానికి రెండుసార్లు, ఆరు వారాలు చేసి చూడండి. ఒక నోటుపుస్తకంలో మర్దనకు ముందు మనసు అస్థిమితానికి సున్నా నుంచి పది వరకు ఒక అంకె, తర్వాత ఒక అంకె, ఆ రాత్రి ఎన్నింటికి నిద్రపట్టింది, ఎన్నిసార్లు లేచారు అన్నవి రాయించండి. అంకె వేయాల్సింది వారే, మీరు కాదు. ‘వద్దన్నారు’ అన్నది కూడా రాయండి. ఆరు వారాల తర్వాత ఆ పుస్తకాన్ని డాక్టరుకు చూపిస్తే, ‘కొంచెం పర్లేదు సార్’ అన్న మాటకంటే ఎంతో ఎక్కువ తెలుస్తుంది. మార్పేమీ లేకపోతే మానేయడంలో నష్టం లేదు, అదే ఇరవై నిమిషాలు కలిసి పార్కులో నడవండి.

చనిపోవాలన్న మాట వారి నోటి వెంట వస్తే, తిండీ నిద్రా పూర్తిగా మానేస్తే, తనను తాను గాయపరచుకుంటే, మర్దనతో చూద్దామని ఒక్క రోజు కూడా ఆగవద్దు. మనిషిని ఒంటరిగా వదలకుండా 108కి ఫోన్ చేయండి, లేదా దగ్గరి పెద్ద ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి. ఏం చేయాలో తోచనప్పుడు మాట్లాడటానికి కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది. 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు.

ఒంటరిగా ఉండేవారికి

అమీర్‌పేట హాస్టల్లోనో, మాదాపూర్ పీజీలోనో కాలు పట్టడానికి ఎవరూ లేకుండా కోలుకుంటున్నవారు మన ఊళ్లో ఎందరో ఉన్నారు. మీరు మీకే చేసుకోవచ్చు. మంచం అంచున కూర్చుని, ఒక పాదాన్ని రెండో మోకాలి మీద పెట్టుకుని, పైన చెప్పినట్టే ముందు పది శ్వాసలు కదలకుండా పట్టుకుని, తర్వాత అరికాలు చేసుకోండి. వంగలేకపోతే టెన్నిస్ బంతిని నేల మీద పెట్టి, కుర్చీలో కూర్చుని, అరికాలితో ముందుకూ వెనక్కూ దొర్లించండి. ముంజేతికి నూనె అక్కరలేదు. ఎడమ మోచేతి మడత దగ్గర కుడి అరచేతిని ఆన్చి, మణికట్టు దాకా ఎనిమిది అంకెలు లెక్కపెట్టేంత నెమ్మదిగా జారనివ్వండి, ఐదుసార్లు చేసి చేయి మార్చండి. గదిలో ఇంకొకరు ఉన్నా దుప్పటి కింద ఎవరికీ తెలియకుండా చేసుకోవచ్చు. రాత్రి రెండింటికి మెలకువ వచ్చి గుండె దడదడలాడుతున్నప్పుడు ఫోన్ తీసుకునే బదులు ముందు ఇది చేయండి, లెక్క తప్పితే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టండి.